ప్రకృతిలో సైన్సును ఫోటో తీయడం: నల్లగొండ, పాలమూరు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్, నారాయణపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఫోటోల మీద ఇష్టం ఉన్నవాళ్ల సందేహాలు ఏడాది పొడవునా తిరిగి తిరిగి అవే వస్తాయి. వాన పడితే ఆరుద్ర పురుగు గురించి, దసరా వస్తే పాలపిట్ట గురించి, మే నెలలో నీడ గురించి. ఎవరికివారికి చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు, కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

నా దగ్గర మామూలు ఫోనే ఉంది. దీంతో అవుతుందా?

పువ్వు, పురుగు, రాయి, నీటి బొట్టు, మబ్బు... వీటికి ఫోన్ చాలు. దూరంగా ఉన్న పక్షికి చాలదు. స్క్రీన్ మీద వేళ్లతో జూమ్ చేస్తే చాలా ఫోన్లలో బొమ్మను కత్తిరించి పెద్దది చేసినట్టే అవుతుంది, కొత్త వివరం ఏమీ రాదు. దగ్గరి వస్తువులకైతే ఫోన్ కెమెరా చిన్న సెన్సర్ ఒక లాభం కూడా: పెద్ద కెమెరాలో పురుగు కన్ను ఒక్కటే స్పష్టంగా వచ్చి కాళ్లు మసకబారే చోట, ఫోన్‌లో ఒళ్లంతా చాలావరకు స్పష్టంగా వస్తుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే క్లిప్ మాక్రో లెన్స్ తగిలిస్తే ఇంకా దగ్గరికి వెళ్లొచ్చు. అన్నిటికంటే ముందు లెన్స్ తుడవండి. జేబులో చేరిన జిడ్డు వల్లే సగం ఫోటోలు పొగమంచు పట్టినట్టు వస్తున్నాయి.

సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకోగలిగే పెద్ద కెమెరా) కొనమంటారా?

పక్షులు తీయాలనుకుంటే కొనండి. బాడీ పాతదైనా పర్లేదు, డబ్బు లెన్స్ మీద పెట్టండి. కొనేముందు లెన్స్‌లోకి ఒకవైపు నుంచి టార్చ్ వేసి రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడు లాంటి తీగలు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి.

మా ఊర్లో తీయడానికి ఏముంది సార్? అన్నీ రాళ్లు, తుమ్మ చెట్లే.

ఎక్కువమంది అడిగేది ఇదే, నాకు చాలా ఇష్టమైన ప్రశ్న కూడా ఇదే. ఆ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి గట్టిపడితే ఈ గ్రానైట్ అయింది. నెమ్మదిగా చల్లారింది కాబట్టే దానిలోని స్ఫటికాలు కంటికి కనిపించేంత పెరిగాయి. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లటి అభ్రకం: మూడింటినీ ఒకే ఫ్రేములో పట్టొచ్చు. పొద్దున ఏడింటికి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్తే ప్రతి గింజా నీడతో సహా విడిగా కనిపిస్తుంది. పన్నెండింటికి వెళ్తే అదే రాయి సిమెంటు గోడలా ఉంటుంది.

గుట్ట మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లను ఎవరూ పేర్చలేదు. పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు ముందు అరిగి, మధ్య భాగం గుండ్రంగా మిగిలింది. కొన్ని గుండ్ల మీద ఉల్లిపొరల్లా పెచ్చులు లేస్తుంటాయి, అక్కడ ఆ పని ఇంకా జరుగుతూనే ఉంది. పెచ్చు అంచు దగ్గర కూర్చుని తీయండి.

ఒక్క మాట, ఫోటోకు సంబంధం లేకపోయినా. మర్రిగూడ వైపు పల్లెల నడుములు వంచిన ఫ్లోరైడ్ కూడా ఈ గ్రానైట్‌లోని ఖనిజాల నుంచే భూగర్భ జలాల్లోకి దిగింది. రాయి ఫోటో కింద రెండు లైన్లు రాయాలనుకునేవాళ్లు ఇది కూడా రాయాలని నా అభిప్రాయం.

సైన్సు తెలియకపోతే మంచి ఫోటో రాదా?

వస్తుంది. కాకపోతే ఎప్పుడొస్తుందో మీ చేతుల్లో ఉండదు. కారణం తెలిస్తే ఎక్కడ నిలబడాలో, ఎన్నింటికి నిలబడాలో తెలుస్తుంది. ఇంద్రధనుస్సు సంగతే చూడండి. మీ తల నీడ ఎటు పడుతుందో అదే దాని కేంద్రం. అక్కడి నుంచి సుమారు 42 డిగ్రీల దూరంలో విల్లు వంగుతుంది. కాబట్టి సూర్యుడు 42 డిగ్రీల కంటే పైన ఉంటే నేల మీద ఉన్నవాళ్లకు ఆకాశంలో ఇంద్రధనుస్సు కనిపించదు. సాయంత్రం వాన వెలిసి పడమట ఎండ వచ్చిందంటే తూర్పుకు తిరగండి, ముందుగానే ఒక చెరువో తాటిచెట్టో చూసి పెట్టుకోండి. పోలరైజర్ ఫిల్టర్ (ఒక దిశలో కంపించే వెలుగునే లోపలికి వదిలే అద్దం) ఉంటే తిప్పి చూడండి, ఒక కోణంలో విల్లు చిక్కబడుతుంది, ఇంకో కోణంలో దాదాపు మాయమవుతుంది.

## పొలం దగ్గర, ఊరి చుట్టూ

పొద్దున్నే వరి ఆకు కొసన ఉండే బొట్టు మంచు బొట్టే కదా?

చాలాసార్లు కాదు. మంచు అయితే ఆకంతా చిన్న చిన్న తుంపరలుగా పరుచుకుంటుంది. సరిగ్గా కొసన, ఒక్కో ఆకుకు ఒక్కో గుండ్రటి బొట్టు ఉందంటే అది మొక్క లోపలి నుంచి వచ్చిన నీరు. రాత్రిపూట ఆకు రంధ్రాలు మూసుకుని ఉంటాయి, వేళ్లు మాత్రం నీరు లాగుతూనే ఉంటాయి. ఆ ఒత్తిడికి ఆకు కొసనున్న సన్నటి ద్వారాల నుంచి నీరు బయటికి వస్తుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ఆయకట్టులో నీరు నిండుగా ఉన్న మడిలో ఇది బాగా కనిపిస్తుంది.

ఫోటోకు చిట్కా: ఆ బొట్టు ఒక లెన్స్. వెనకున్న చెట్టు, గుడిసె, సూర్యుడు దానిలో తలకిందులుగా కనిపిస్తాయి. ఫోకస్ బొట్టు అంచు మీద కాదు, లోపలి బొమ్మ మీద పెట్టాలి. రెండూ ఒకేచోట ఉండవు. ఎండ ఎక్కితే బొట్లు ఆరిపోతాయి కాబట్టి సూర్యుడు రాకముందే గట్టు మీద ఉండండి.

పత్తి పువ్వు నిన్న తెల్లగా ఉంది, ఇవాళ ఎర్రబడింది. వేరే రకమా?

అదే పువ్వు. పొద్దున లేత పసుపు తెలుపులో విచ్చుకుంటుంది, సాయంత్రానికి గులాబీ ఛాయ వస్తుంది, మర్నాటికి ఎరుపు ముదిరి వాడిపోతుంది. రేకుల్లో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం చేరడమే కారణం. ఒకే కొమ్మకు దారం కట్టి గుర్తు పెట్టుకుని, అదే కోణంలో పొద్దున, సాయంత్రం, మర్నాడు తీయండి. మూడు ఫోటోలు పక్కపక్కన పెడితే మాటలు అక్కర్లేదు. మందు కొట్టిన రోజు మాత్రం చేలోకి దిగొద్దు, రైతును అడిగి వెళ్లండి.

బత్తాయి ఆకు మీద పిట్ట రెట్ట లాంటిది కదులుతోంది. ఏంటది?

నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. చిన్నప్పుడు నలుపు, గోధుమ రంగుల మీద తెల్ల మచ్చలతో అచ్చం రెట్టలా ఉంటుంది. దాన్ని చూసి పక్షి ఎందుకు తింటుంది? పెద్దయ్యాక కుబుసం విడిచి పచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. ఎవరైనా ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు చీలిన కొమ్ము బయటికి తెచ్చి ఘాటు వాసన వదులుతుంది. ఆ కొమ్ము ఫోటో కోసం పదే పదే పొడిచేవాళ్లను చూశాను. దయచేసి వద్దు. నల్లగొండ బత్తాయి తోటల్లో లేత చిగుర్లు వచ్చినప్పుడు వెతికితే గుడ్డు, రెట్ట వేషం, పచ్చ వేషం అన్నీ ఒకే చెట్టు మీద దొరకొచ్చు. రైతుకు మాత్రం ఇది తెగులు. ఆయన దాన్ని ఏరి పారేస్తుంటే ఉపన్యాసం ఇవ్వకండి.

ఆరుద్ర పురుగును అరచేతిలో పెట్టుకుని తీయొచ్చా?

మీ చేతికి ఏమీ కాదు. కానీ అది పైకి వచ్చేదే తొలకరి తర్వాత కొద్ది రోజులు, ఆ కాసేపట్లో తినాలి, జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. నేల మీదే తీయండి. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నేలకు ఆనుకుంటుంది, అప్పుడు ఆ పురుగు కళ్లెత్తులో దాని ప్రపంచం కనిపిస్తుంది. ఎరుపు మరీ మెరిసి ముద్దలా వస్తే ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి వచ్చే వెలుగు, కొంచెం తగ్గించండి, మఖమల్ లాంటి నూగు విడివిడిగా తేలుతుంది. కాళ్లు లెక్కపెట్టేలా ఒక ఫోటో తీయండి: ఎనిమిది ఉంటాయి. అంటే కీటకం కాదు, సాలీడు, తేలు కుటుంబానికి దగ్గరిది. ఆ ఎరుపు కూడా ఊరికే లేదు, నన్ను తింటే బాగుండదు అని చెప్పడానికే.

గిజిగాడి గూళ్లను ఎంత దగ్గర నుంచి తీయాలి?

మీరు వచ్చాక పక్షి గూటికి రావడం మానేసిందంటే మీరు మరీ దగ్గరున్నట్టు. వెనక్కి జరగండి. వానాకాలంలో పాడుబడ్డ బావుల మీదికి వంగిన తుమ్మ, ఈత, తాటి చెట్లకు ఈ గూళ్లు వేలాడతాయి. అల్లేది మగ పక్షి. సగం అల్లాక ఆడ పక్షి వచ్చి చూసుకుంటుంది, నచ్చితేనే మిగతా సగం. కాబట్టి హెల్మెట్ ఆకారంలో సగం గూడు కనిపిస్తే అక్కడే ఆగండి, అసలు కథ అక్కడుంది. గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపు ఉంటాయి, నైరుతి గాలి దెబ్బ తగలకుండా. అంటే పొద్దుటి ఎండ నేరుగా వాటి మీదే పడుతుంది, మనకు అదే కావాలి.

గూట్లో దీపం కోసం మిణుగురులను అంటిస్తుందనేది కథ. లోపలి గోడకు తడి మట్టి ముద్దలు అంటించడం మాత్రం నిజం. సీజన్ అయిపోయాక రాలిపడ్డ గూడు దొరికితే ఇంట్లో తీరిగ్గా ఫోటో తీసుకోవచ్చు.

పాలపిట్ట నీలం ఫోటోలో రావట్లేదు. ఎందుకు?

కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మీకు ఎక్కువగా కనిపించేది దాని గోధుమ రంగు రొమ్మే. నీలం రెక్కల్లో ఉంది. ఎగిరేటప్పుడు, లేదా రెక్క విదిల్చేటప్పుడు తీయాలి. షట్టర్, అంటే కెమెరా వెలుగు కోసం తెరుచుకునే సమయం, 1/2000 సెకను దగ్గర పెట్టి వరసగా నొక్కండి. విశేషం ఏంటంటే ఆ ఈకల్లో నీలం రంగు పదార్థమే లేదు. ఈక లోపలి అతి సన్నటి నిర్మాణం నీలం వెలుగును మాత్రమే బాగా వెనక్కి పంపుతుంది.

దసరా రోజు పంజరంలో పెట్టి డబ్బులకు చూపించే పాలపిట్టను తీయకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టడమే నేరం. మన రాష్ట్ర పక్షి అది. పొలంలో చూడండి.

పాము కనిపిస్తే?

ఉన్నచోటే ఆగండి, ఎంత వస్తే అంత తీయండి, వెనక్కి నడవండి.

## ప్రత్యేకంగా వెళ్లి చూసే చోట్లు

పిల్లలమర్రి మొత్తం ఒక్క ఫ్రేములో పట్టట్లేదు.

పట్టదు, పట్టాల్సిన అవసరమూ లేదు. మహబూబ్‌నగర్ దగ్గరున్న ఈ మర్రికి సుమారు 700 ఏళ్లని చెబుతారు. ఎకరాల కొద్దీ పరుచుకుంది. దూరం నుంచి పచ్చటి గుట్టలా కనిపిస్తుంది, లోపలికి వస్తే చెట్టు ఏదో ఊడ ఏదో తెలియదు. ఆ తెలియకపోవడమే తీయండి. కొమ్మ నుంచి దిగిన ఊడ నేలను తాకి, వేరూని, తానే మాను అవుతుంది. సన్నటి ఊడ, నేలకు ఇంకా అందని ఊడ, మానై నిలిచిన ఊడ: ఈ మూడూ తీస్తే చెట్టు ఎలా నడిచిందో చెప్పినట్టే. 2018లో చెదలు పట్టినప్పుడు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. కంచె దాటకండి, ఊడలు పట్టుకుని ఊగకండి. మబ్బు పట్టిన రోజు వెళ్లండి, ఎండ రోజున ఆకుల సందుల్లోంచి పడే తెల్లటి మచ్చలు ఫోటోను చెడగొడతాయి.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో ఆ నీడను ఎలా తీయాలి?

ముందు ఫ్లాష్ ఆపండి. ఫ్లాష్ పడితే నీడే ఉండదు. నల్లగొండ పక్కనున్న ఈ గుడి గర్భగుడిలో స్తంభం లాంటి నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. ఎండ వల్ల పడే మామూలు నీడ అయితే సూర్యుడితో పాటు జరగాలి. ఇక్కడ నేరుగా వచ్చే ఎండ కాకుండా, బయట నేల మీద, గోడల మీద చెదిరిన వెలుగు స్తంభాల సందుల్లోంచి లోపలికి చేరుతుంది. స్తంభాలు అడ్డుపడ్డంత మేర మసక పట్టీ మిగులుతుంది. అది సూర్యుడి జాగా మీద కంటే స్తంభాల జాగా మీద ఆధారపడింది, అందుకే కదలదు. పూజారి గారిని అడిగి, ఒకే చోట నిలబడి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు ఫోటోలు తీయండి. ఒక్క ఫోటోతో ఈ వింత అర్థం కాదు. కట్టినవాళ్లు ఎంత చూసి కట్టారో ఆ మూడూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

ముడుమాల్ నిలువురాళ్ల దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

జూన్ 21 లేదా డిసెంబర్ 21, 22 తేదీల్లో, సూర్యోదయానికో సూర్యాస్తమయానికో. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఈ పెద్ద రాళ్లలో కొన్ని వరసలు ఆ రోజుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కుతో కలుస్తాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. ఒక రాయి మీద గుంతలతో సప్తర్షి మండలం చెక్కి ఉంది. పగటి వెలుగులో అది సరిగా కనిపించదు, పక్క నుంచి టార్చ్ వేస్తే గుంతలన్నీ నీడలతో తేలతాయి. సుద్దముక్కతో మాత్రం గుంతలు నింపకండి.

జలపాతం నీరు పాలలా మెత్తగా రావాలంటే?

షట్టర్ అర సెకను నుంచి రెండు సెకన్లు, ట్రైపాడ్ తప్పనిసరి. పగటి వెలుగు ఎక్కువైతే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వాడాలి. ఫోన్‌లో లాంగ్ ఎక్స్‌పోజర్ మోడ్ ఉంటే చాలు. మల్లెల తీర్థంలో చెట్ల నీడ ఉంటుంది కాబట్టి ఫిల్టర్ లేకపోయినా నడుస్తుంది. నాకైతే ఆ పాల నురగ విసుగొచ్చింది. 1/2000 పెట్టి నీరు చుక్కలుగా విడిపోయే చోటు తీసి చూడండి. వనపర్తి జిల్లా సరళాసాగర్ నిండిన ఏడు వెళ్తే ఇంకో వింత: ఎవరూ గేట్లు ఎత్తకుండానే, నీటిమట్టం పెరిగి లోపలి గాలి బయటికి పోగానే సైఫన్లు వాటంతటవే లాగడం మొదలుపెడతాయి. ఆ మొదలయ్యే క్షణానికి వీడియో మేలు.

నల్లమలలో పర్మిషన్ కావాలా?

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి అటవీ శాఖ అనుమతించిన దారుల్లో, వాళ్ల సఫారీలోనే వెళ్లాలి. శ్రీశైలం రోడ్డు మీద రాత్రిపూట రాకపోకలు ఆపేస్తారు. డ్రోన్ ఎగరేయొద్దు. డ్యాముల దగ్గరా అంతే.

## మిట్ట మధ్యాహ్నం, నడిరేయి

మధ్యాహ్నం ఎండలో తీయడం దండగే కదా?

ఏడాదిలో రెండుసార్లు మాత్రం దండగ కాదు. మే 7, 8 తేదీల్లో, మళ్లీ ఆగస్టు 4, 5 ప్రాంతంలో సూర్యుడు మన జిల్లాల నడినెత్తికి వస్తాడు. నిలువుగా పెట్టిన సీసా, పైపు, గ్లాసు, దేనికీ పక్కన నీడ పడదు. గడియారంలో సరిగ్గా పన్నెండు కాదు: మేలో నల్లగొండకు సుమారు 12.10, మహబూబ్‌నగర్‌కు 12.15. ఆగస్టులో ఇంకో పది నిమిషాలు ఆలస్యం. ఆగస్టులో మబ్బు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి మే నెలనే నమ్ముకోండి. పది నిమిషాల ముందు నుంచి నిమిషానికొక ఫోటో, పై నుంచి.

పాలపుంత మన దగ్గర కనిపిస్తుందా?

అమావాస్య చుట్టుపక్కల, ఊరి లైట్లకు దూరంగా, కనిపిస్తుంది. మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది: హైదరాబాద్ వెలుగు ఉత్తరం లేదా వాయవ్యం వైపు ఉంటుంది, పాలపుంత నడిబొడ్డు దక్షిణాన వృశ్చికం, ధనుస్సు రాశుల మధ్య. ఏప్రిల్‌లో తెల్లవారుజామున, మే చివర్లో అర్ధరాత్రి చూడండి. జూలైకి మబ్బులు వచ్చేస్తాయి. 24 ఎంఎం లెన్స్, 20 సెకన్లు, ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలనే అంకె) 3200తో మొదలుపెట్టండి. అంతకంటే ఎక్కువసేపు తెరిస్తే భూమి తిరగడం వల్ల నక్షత్రాలు గీతలవుతాయి. ఫోన్‌లో నైట్ మోడ్, ఫోన్ కదలకుండా రాయి మీద ఆనించండి.

మెరుపును పట్టడం ఎలా?

ఇంట్లో నుంచి, కిటికీలోంచి. ఇందులో బేరం లేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్ల లోపు ఉందంటే బయట ఉండకూడదు. చెట్టు కింద అసలే వద్దు, ప్రతి ఏడూ పొలాల్లో పోతున్న ప్రాణాలు చూస్తున్నాం. రాత్రయితే షట్టర్ 10 సెకన్లు పెట్టి వరసగా తీస్తూ ఉండండి, ఏదో ఒకదానిలో పడుతుంది. ఫోన్ అయితే వీడియో తీసి ఫ్రేమ్ తీసుకోండి.

## ఇంట్లో కూర్చుని

రోహిణి కార్తెలో బయటికి పోలేం. పిల్లలతో ఇంట్లో ఏం తీయొచ్చు?

ల్యాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరవండి. గది చీకటి చేయండి. స్క్రీన్ ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పట్టుకుని, ఫోన్ లెన్స్ ముందు పోలరైజ్డ్ చలువ కళ్లద్దం అడ్డు పెట్టి నెమ్మదిగా తిప్పండి. స్క్రీన్ నల్లబడుతుంది, స్కేలులో మాత్రం రంగుల పట్టీలు లేస్తాయి. తయారీలో ప్లాస్టిక్ మీద పడ్డ ఒత్తిడి ఎక్కడెక్కడ మిగిలి ఉందో ఆ రంగులు చూపిస్తాయి. ఎల్‌సీడీ స్క్రీన్ అయితేనే బాగా వస్తుంది.

ఇంకాస్త ముందుకు పోవాలంటే ఫోల్డ్‌స్కోప్. స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు మైక్రోస్కోప్ ఇది, 140 రెట్లు పెద్దది చేస్తుంది, ఫోన్‌కు తగిలించుకోవచ్చు. చెరువు నీటి చుక్క ఒకటి వేసి చూపిస్తే చాలు, పిల్లలు మళ్లీ సెల్‌ఫోన్ గేమ్ అడగరు. కనీసం ఆ మధ్యాహ్నం.

## తీశాక

రంగులు పెంచితే మోసమా?

కంటికి కనిపించినంత వరకు తెచ్చుకోవడం మోసం కాదు. లేని రంగు తేవడం, రెండు చోట్ల జరిగింది ఒకేచోట జరిగినట్టు అతికించడం మోసం. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి కదలకుండా చేసి తీయడం నా దృష్టిలో ఇంకా పెద్ద మోసం.

పురుగు, మొక్క పేరు ఎలా తెలుసుకోవాలి?

ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టండి, తెలిసినవాళ్లు చూసి సరిచేస్తారు. ఒక్క అందమైన ఫోటో చాలదు. పైనుంచి, పక్క నుంచి, ముఖం, ఉన్న మొక్క, సైజు తెలిసేలా పక్కన నాణెం: ఇవన్నీ కావాలి. అందం కోసం తీసేది వేరు, గుర్తుపట్టడానికి తీసేది వేరు.

ఎక్కడ తీశానో లొకేషన్ పెట్టనా?

తంగేడు పువ్వుకు పెట్టండి. గుడ్లగూబ గూడు, నక్షత్ర తాబేలు, కృష్ణజింక మందకు వద్దు. వేటగాళ్లకూ ఫోన్లున్నాయి.

పోటీలకు పంపమంటూ ఫీజు అడుగుతున్నారు. కట్టాలా?

ముందు షరతుల్లో కాపీరైట్ లైన్ చదవండి. ఫోటో మీద హక్కులన్నీ వాళ్లవే అని ఉంటే ఉచితమైనా వద్దు. మైక్రోస్కోప్ ఫోటోలకైతే 1975 నుంచి నడుస్తున్న నికాన్ స్మాల్ వరల్డ్ ఉంది, దానికి ఎంట్రీ ఫీజు లేదు.

ఈ ఫోటోలు సైన్సుకు నిజంగా పనికొస్తాయా?

తేదీ, చోటు ఉంటే పనికొస్తాయి. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో బడి పిల్లలు కూడా ఒకే చెట్టును వారం వారం చూసి చిగురు, పువ్వు, కాయ నమోదు చేస్తారు. మీ పొలం గట్టు మీద మోదుగ ఉంటే జనవరి నుంచి వారానికొక ఫోటో, అదే చోటు నుంచి తీయండి. మొదటి మొగ్గ ఏ తేదీన విచ్చిందో రాసిపెట్టండి. ఫోన్ గడియారం, తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.